రెండో ముప్ఫై ఒకటి

ఆకాశంలో మబ్బు తునక కూడా లేని రోజున లిస్టులో వాన కురిసింది.

ఆ వాన గురించి పోట్లాడడానికే ఆ అమ్మాయి మొదటిసారి ఆఫీసుకి ఫోన్ చేసింది.

"ముప్ఫై ఒకటో నంబరు స్టేషన్ నుంచి మాట్లాడుతున్నాను. పొద్దున నేను సున్నా పంపాను. మీ లిస్టులో నాలుగు పాయింట్ రెండు మిల్లీమీటర్లు అని ఉంది. ఆ వాన ఎక్కడ పడిందో కాస్త చెప్తారా? బట్టలు ఆరేశాను."

ఫోన్ ఎత్తినవాడు ప్రోగ్రామరు. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. ఇంకా పర్మనెంటు కాలేదు కాబట్టి గొంతులో ధీమా రెండింతలు ఉండేది. ప్రోగ్రాము తనంతట తాను అంకెల్ని పుట్టించదనీ, ఆవిడే పొరపాటున ఏదో నొక్కి ఉంటుందనీ చెప్పాడు.

"సున్నా నొక్కబోయి నాలుగు, చుక్క, రెండు నొక్కానంటారు."

"అవకాశం ఉంది కదండీ."

"మీకు పెళ్ళయిందా?"

"లేదండీ. ఎందుకు?"

"ఏం లేదు. ఎందుకు కాలేదో తెలిసిపోయింది." ఫోన్ పెట్టేసింది.

అది వాన లెక్కల ఆఫీసు. నలభై స్టేషన్ల నుంచి రోజూ ఎంత వాన పడిందో అక్కడికి వస్తుంది. కొన్నిచోట్ల మనిషి గాజు కొలతలో చూసి ఎనిమిదిన్నరకి ఫోన్‌లోంచి అంకె పంపుతాడు. కొన్నిచోట్ల పెట్టె తనే కొలుచుకుని తొమ్మిదింటికి పంపుతుంది. అన్నిటినీ ఒక్క లిస్టుగా చేసి పై ఆఫీసుకి పంపడమే ప్రోగ్రామరు పని.

ఆ పనికి సూపరింటెండెంట్ మేడమ్ ఎప్పుడో తన చేతులతో కోడ్ రాసింది. మూడు వందల లైన్లు. ఒక షరతు కడుపులో ఇంకో షరతు, దాని కడుపులో మరొకటి. చదవాలంటే కళ్ళజోడు కాదు, ఓపిక కావాలి. ప్రోగ్రామరు దాన్ని చింపి పోగులు పెట్టి, నాలుగు లైన్లలో తిరగరాసి, ఆ ఫోన్ వచ్చిన రోజునే వాడుకలో పెట్టాడు.

జావాస్క్రిప్ట్‌లో ఆబ్జెక్ట్ అంటే పేర్లు రాసిన అరల బీరువా లాంటిది. ఏ అర మీద ఎవరి పేరుంటే లోపల వాళ్ళ అంకె ఉంటుంది. ప్రోగ్రామరు దాని ముందు నలుగురు పనివాళ్ళను వరసగా నిలబెట్టాడు. మొదటివాడు ఎంట్రీస్, అరలన్నీ ఊడదీసి జతలు జతలుగా నేల మీద పరుస్తాడు. రెండోవాడు ఫిల్టర్, అంకె రానివి తీసి పారేస్తాడు. మూడోవాడు మ్యాప్, పంపినవాళ్ళ పేరు చెరిపి స్టేషన్ నంబరు రాసి, అంకెను మిల్లీమీటర్లలోకి మారుస్తాడు. నాలుగోవాడు ఫ్రమ్‌ఎంట్రీస్, అన్నిటినీ మళ్ళీ బీరువాగా బిగిస్తాడు. ఒకడి చేతిలోంచి ఇంకొకడి చేతిలోకి, నడుమ ఒక్కో చుక్క. గొలుసులా ఉంటుంది, పై నుంచి కిందికి కథలా చదువుకోవచ్చు.

చూడనివాళ్ళ కోసం వెతికి మరీ చూపించాడు. సెక్షన్‌లో అందరూ అతనికి గొలుసు అని పేరు పెట్టారు. మూడు వందల లైన్లు రాసినావిడని ఆ ఆఫీసులో ఎవరూ ఏనాడూ మెచ్చుకోలేదు. నాలుగు లైన్లు రాసినవాడికి మాత్రం టీ ఇప్పించారు. లోకం తీరే అంత.

మర్నాడు కూడా లిస్టులో ముప్ఫై ఒకటికి నాలుగు పాయింట్ రెండు. ఆ మర్నాడూ అంతే.

చుట్టుపక్కల స్టేషన్లన్నీ సున్నా. ఎండ మాడ్చేస్తోంది. ఆ ఒక్కచోట మాత్రం రోజూ వాన, అదీ తూకం వేసినట్టు ఒకే అంకె. అమ్మాయి రోజూ ఫోన్ చేసేది. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు అడగలేదు. ఆమె గొలుసుగారూ అనేది, అతను ముప్ఫై ఒకటిగారూ అనేవాడు. ఆరో రోజుకి పోట్లాట పది నిమిషాలు సాగింది. పదో రోజుకి వాన సంగతి చివర్లో వచ్చింది.

"పెరట్లో కాయితం పరిచి రాయి పెట్టానండీ," అంది ఒకరోజు. "పొద్దున చూస్తే పొడిగా ఉంది. మీ వాన మీ దగ్గరే పడుతోంది. గొడుగు ఉంచుకోండి."

అతను నవ్వాడు గానీ, ఫోన్ పెట్టాక కిటికీ వంక చూశాడు. లిస్టు తెరిచిన ప్రతిసారీ ముందు ముప్ఫై ఒకటి వైపే కళ్ళు వెళ్ళడం అప్పటికే అలవాటైంది. ఆ అంకె చూస్తే మెడ వెనక చల్లగా ఉండేది. ఎవరో రోజూ ఒకే మాట చెప్పి వెళ్ళిపోతున్నట్టు.

పధ్నాలుగో రోజు నిజంగానే వాన వచ్చింది. ఆమె తడిసి ముద్దై కొలిచి ముప్ఫై ఎనిమిది మిల్లీమీటర్లు పంపింది. చుట్టుపక్కల స్టేషన్లన్నిట్లో ముప్ఫై పైనే. ఒక్క ముప్ఫై ఒకటిలో మాత్రం నాలుగు పాయింట్ రెండు.

ఆ రోజు ఆమె జోకు వెయ్యలేదు.

వారం తిరక్కుండా పై ఆఫీసు నుంచి ఆమెకి నోటీసు వచ్చింది. చేత్తో రాసే రీడింగు పుస్తకంలో అంకెలకీ లిస్టులో అంకెలకీ పొంతన లేదనీ, ఇంట్లో కూర్చుని తోచింది రాస్తున్నట్టు కనిపిస్తోందనీ, పది రోజుల్లో జవాబివ్వకపోతే తీసేస్తామనీ దాని సారాంశం. మనిషి చెబితే సాక్ష్యం అడుగుతారు. మెషీన్ చెబితే తలూపుతారు. అలా తలూపినవాళ్ళలో మూడు వారాల పాటు తానూ ఉన్నానని ప్రోగ్రామరుకి ఆ సాయంత్రం తెలిసివచ్చింది.

మర్నాడు ఆమె గొంతు మామూలుగానే ఉంది. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

"మీ గొలుసు కథలా చదువుకోవచ్చన్నారు కదా. నాకు చదివి వినిపించండి. నేను పదో క్లాసు. అర్థమయ్యేలా చెప్పాలి."

అతను ఒక్కో చుక్క దగ్గర ఆగి చెప్పాడు. ఆమె మధ్యలో అడ్డొచ్చింది. ప్రతి పనివాడి చేతిలోకి ఎన్ని జతలు వెళ్తున్నాయో, ఎన్ని బయటికొస్తున్నాయో లెక్క చెప్పమంది. అతను ప్రతి చుక్క దగ్గరా లెక్క వేయించాడు.

"పరిచినప్పుడు నలభై మూడు. అంకె రాని పాత పెట్టెలు రెండు పోతే నలభై ఒకటి. మార్చాక నలభై ఒకటి."

"చివరివాడు?"

"బిగించాక..." అతను ఆగాడు. "నలభై."



"ఒకటి ఎటు పోయింది?" అంది.

ఎటూ పోలేదు. బీరువాలో ఒకే పేరుతో రెండు అరలు ఉండవు. అదే పేరు మళ్ళీ వస్తే చివరివాడు కిక్కురుమనకుండా పాతదాని మీద కొత్తది పెట్టేస్తాడు. తప్పు అని అరవడు, హెచ్చరిక ఇవ్వడు. అతను ఆ నలభై ఒక్క జతల్నీ వేలు పెట్టి చదువుకుంటూ వచ్చాడు. చివర్లో వేలు ఆగిపోయింది.

"ముప్ఫై ఒకట్లు రెండున్నాయండీ. ఒకటి మీది, ఎనిమిదిన్నరకి వచ్చింది. ఇంకోటి తొమ్మిదింటికి. అది వచ్చి మీ మీద కూర్చుంటోంది."

"ఎవరది?"

పెట్టె. లోపల చెంచా లాంటిది నిండి ఒరిగినప్పుడల్లా పాయింట్ రెండు మిల్లీమీటర్లని ఒక లెక్క వేసుకునే పెట్టె. అది పంపిన వివరాల ప్రకారం రోజూ ఉదయం ఆరూ పదికి మొదలు, ఆరూ పన్నెండుకి ఆఖరు. ఇరవై ఒక్కసార్లు ఒరుగుతుంది. ఒక్కటి ఎక్కువ కాదు, తక్కువ కాదు. ఆఫీసు ఇనప బీరువాలోంచి పాత ఫైలు తీశాడు. ముప్ఫై ఒకటో స్టేషన్ ఆరేళ్ళ కిందటి వరకూ కొండ మీద గుడిసెలో ఉండేది. దారి కొట్టుకుపోతే కిందికి పంపుహౌసు దగ్గరికి మార్చారు. పాత పెట్టెను తొలగించినట్టు సంతకం, ముద్ర, తేదీ అన్నీ ఉన్నాయి.

తీసేసిన పెట్టె లెక్కపెడుతోందని చెప్పాడు. 

"కొండ మీద రీడింగు తీసింది మా అమ్మ," అంది ఆమె.

"ఇప్పుడు ఆవిడ..."

"ఆరేళ్ళయింది."

ఆఫీసులో పట్టపగలు, ఫ్యాను తిరుగుతోంది, పక్క టేబులు దగ్గర ఎవరో నవ్వుతున్నారు. అతని చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

ఆ పెట్టెను చూడడానికి శనివారం సాయంత్రం అతను బస్సు దిగేసరికి పంపుహౌసు గేటు దగ్గర ఆమె నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు కాసేపు చూసుకున్నారు.

"మీ గొంతు విని లావుగా ఉంటారనుకున్నాను," అంది.

"మీ గొంతు విని చేతిలో కర్ర ఉంటుందనుకున్నాను."

"లోపల పెట్టి వచ్చాను." అని దారితీసింది. వెనక నడుస్తున్నవాడికి ఆమె నవ్వు కనపడలేదు గానీ భుజాల్లో తెలిసింది.

పంపుహౌసు పక్కనే రెండు గదుల ఇల్లు. ఆమె తండ్రి బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. రోడ్డెలా ఉందని అడిగాడు, బాగుందని చెబితే తలూపాడు. అంతకుమించి మాట్లాడలేదు. ముందు గదిలో పడుకున్న ప్రోగ్రామరుకి తెలతెలవారుతుండగా తలుపు గడియ తీసిన చప్పుడు వినిపించింది. నాన్న రోజూ రోడ్డు మలుపు దాకా నడిచొస్తాడని ఆమె అంతకు ముందే చెప్పింది.

ఆమె అప్పటికే బూట్లు వేసుకుని ఉంది. అమ్మ పోయాక ఆ కొండ ఒక్కసారి కూడా ఎక్కలేదట. దారి లేదని అందరితో చెప్పేదట. దారి ఉంది. సన్నగా, అరిగి, రోజూ ఎవరో నడిచినట్టుగా ఉంది. 

మంచు దట్టంగా పట్టింది. పది అడుగుల అవతల ఏమీ కనపడదు. గుడిసె ఇంకెంత దూరమని అతను అడగబోతుండగా పైనుంచి చప్పుడు వచ్చింది.

టక్.

చిన్న లోహపు చప్పుడు. ఆమె ఆగిపోయింది. వాచీ చూసుకున్నాడు, ఆరూ పది.

టక్. ఆ వెంటనే మంచులోంచి గొంతు. నెమ్మదిగా, చిన్నపిల్లకి నేర్పుతున్నట్టుగా.

"రెండు."

ఆమె అతని మణికట్టు పట్టుకుంది. అంత చల్లటి వేళ్ళు అతను అంతవరకూ ఎరగడు.

"ఎనిమిది... తొమ్మిది..."

ఒక్కో అంకెకీ ఒక్కో అడుగు వేసినట్టు ఎక్కారు. పదిహేడు దగ్గర గుడిసె గోడ కనపడింది. పంతొమ్మిది దగ్గర మనిషి వీపు. ఆయన పెట్టె మీది గరాటులోకి స్టీలు గ్లాసుతో నీళ్ళు ఒంపుతున్నాడు. అంత సన్నటి ధార పోయాలంటే చెయ్యి వణకకూడదు. చెయ్యి వణకలేదు.

"ఇరవై ఒకటి. సరిపోయింది." గరాటు మీద రేకు మూత బోర్లించి పక్కకి తిరిగి, "ఇంక దిగుతాను," అన్నాడు.

పక్కన ఎవరూ లేరు. రెండు రాళ్ళున్నాయి. ఒక దాని మీద ఆయన తువ్వాలు. రెండోది ఖాళీ. గడ్డి, గోడ, రేకు, తువ్వాలు కూడా మంచుకు తడిసి ఉన్నాయి. ఆ ఖాళీ రాయి ఒక్కటే పొడిగా ఉంది.

"నాన్నా," అంది ఆమె.

ఆయన ఉలిక్కిపడలేదు. దొరికిపోయినవాడిలా గ్లాసు వెనక్కి దాచుకున్నాడు, అంతే.

తర్వాత నడుస్తూ, ఆగుతూ అంతా చెప్పాడు. ఆమె తల్లి రోజూ రీడింగుకి ముందు పెట్టె సరిగ్గా ఒరుగుతోందో లేదో చూడడానికి గ్లాసుడు నీళ్ళు పోసేదట. డ్యూటీకి వెళ్ళే ముందు ఆయన పక్కన నిలబడి లెక్కపెట్టేవాడట. ఆవిడ పోయాక నీళ్ళు పొయ్యడం కూడా ఆయన పనే అయింది. మధ్యలో ఆకులు పడకుండా మూత పెట్టేవాడు. ఎంత వానొచ్చినా గొడుగేసుకుని ఎక్కేవాడు.

"మొదట్లో ఇరవయ్యే. నువ్వు పుట్టిన రోజు నుంచి ఇరవై ఒకటి చేసింది. ఇంట్లో మనిషి పెరిగితే లెక్క పెరగొద్దా అంది." కాసేపాగి ప్రోగ్రామరు వైపు తిరిగాడు. "ఇది ఎక్కడికీ పోదనుకున్నాను బాబూ. ఎవరికీ అక్కర్లేని పెట్టె కదా."

ఆయన ముందు నడుస్తుంటే ఆమె వెనక ఆగి, అతనికి మాత్రమే వినపడేలా అంది.

"పెట్టె సంగతి రాస్తే జీపు పంపి పీకేస్తారు. రాయకపోతే నన్ను పీకేస్తారు. దీనికి మీ గొలుసులో లైనుందా?"

ఆ ప్రశ్నతోనే అతను బస్సెక్కాడు.

సోమవారం పొద్దున్నే వెళ్ళి పాత మూడు వందల లైన్లు తెరిచాడు. రాసినావిడని తిట్టుకుంటూ కాకుండా, మొదటిసారి మర్యాదగా చదివాడు. రెండు వందల అరవై చిల్లర దగ్గర దొరికింది. స్టేషన్ ముప్ఫై ఒకటై, దానికి అంకె ముందే ఉంటే, తర్వాత వచ్చినదాన్ని వదిలెయ్యి. ఎందుకో ఒక్క ముక్క రాసిలేదు. అర్థం లేని లైనని అతనే కొట్టేశాడు.

మేడమ్ కళ్ళద్దాలు మెడలో తాడుకి వేలాడుతుంటాయి. అతను చెప్పిందంతా వాటిని తుడుస్తూ విన్నది.

"పెట్టె పీకడానికి వెళ్ళింది నేనే. ఆయన ఆ రాయి మీద కూచుని లెక్కపెడుతున్నాడు. ఇరవై ఒకటి అయ్యేదాకా నిలబడి, పీకేశానని సంతకం పెట్టి వచ్చేశాను."

"మరి ఆ లైను ఎందుకు పెట్టారో పక్కన రాయలేదేం మేడమ్?"

"రాస్తే ఎవరైనా చదువుతారు." కళ్ళద్దాలు పెట్టుకుంది. "నీ కోడ్ నేను చూసే ఒప్పుకున్నాను. అంత శుభ్రంగా ఉందిగా, ఏం పోయిందో నాక్కూడా కనపడలేదు. ఇప్పుడు ఎవరో ఒకళ్ళు తప్పు ఒప్పుకోవాలి. పెట్టె ఒప్పుకోదు."

అతను కాగితం తీసుకున్నాడు. అంకెల్ని చివర్లో బిగించేచోట తన కోడ్ పొరపాటు చేసిందనీ, ముప్ఫై ఒకటో స్టేషన్ పుస్తకంలోని ప్రతి అంకె నిజమేననీ రాసి సంతకం చేశాడు. పెట్టె ఊసెత్తలేదు. నిజం మొత్తం రాయని కాగితాలు ఆ ఆఫీసులో బస్తాలకొద్దీ ఉన్నాయి. ఒకరి మేలు కోసం రాయనిది బహుశా ఇది రెండోది. నోటీసు వెనక్కి తీసుకున్నారు. అతని పర్మనెంటు ఏడాది వెనక్కి జరిగింది. గొలుసు అన్న పేరు మాత్రం ఊడలేదు. పిలిచే తీరు మారిందంతే.

ఆ వారంలోనే ఆమె ఫోన్ చేసింది. ఎనిమిదిన్నర అంకె పంపాక ఒక్క నిమిషం కూడా ఆగలేదు.

"సంతకం ఎందుకు పెట్టారు?"

"తప్పు నాదే కదండీ."

"అంతేనా?"

"ఇంకోటుంది. కొత్త కోడ్ చదువుతాను, వినండి." గొంతు సవరించుకున్నాడు. "జతలుగా పరుచు. రానివి తీసెయ్యి. మిల్లీమీటర్లు చెయ్యి. అమ్మ లెక్క పక్కన పెట్టు. మళ్ళీ బిగించు."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"కోడ్‌లో అలాగే రాశారా? అమ్మ లెక్క అని?"

"తెలుగులోనే రాశాను. ఎవరడిగినా స్టేషన్ పాత పేరని చెప్తాను."

"పక్కన అంటే ఎక్కడ?"

"వేరే చిన్న లిస్టు. నేను తప్ప ఎవరూ చూడరు. నేను రోజూ చూస్తాను."

"ఎన్నాళ్ళు చూస్తారు?"

"నువ్వు చూడొద్దనేదాకా." మీరు కాస్తా నువ్వు అయిపోయిందని నోరు జారాక తెలిసింది. సర్దుకోబోయాడు.

"దిద్దొద్దు," అంది ఆమె. "ఈ ఒక్కటి ఉంచు."

వానాకాలం వెళ్ళాక తండ్రీ కూతురూ పెళ్ళి మాటలకి ప్రోగ్రామరు ఇంటికి వచ్చారు. ముందు రోజు సాయంత్రమే దిగారు. ఎనిమిదిన్నర రీడింగు పంపుహౌసు ఆపరేటరుకి అప్పగించి వచ్చింది అమ్మాయి. కొండ మీది పని మాత్రం ఎవరికీ అప్పగించలేదు. ఆరేళ్ళలో ఒక్కరోజు తప్పితే ఏమీ అనుకోదులే అన్నాడు తండ్రి. అన్నాడు గానీ తెల్లవారుజామునే లేచి కూర్చున్నాడు. ఆరూ పదికి ప్రోగ్రామరు టీ పట్టుకుని వెళితే, ఆయన కిటికీ దగ్గర బయటికి చూస్తూ ఒళ్ళో వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తున్నాడు.

తొమ్మిది దాటాక అందరూ ముందు గదిలో చేరారు. ప్రోగ్రామరు తల్లికి అమ్మాయి నచ్చింది. అయినా పద్ధతిగా ఉండాలని, "అన్నయ్యగారూ, మీ వైపు ఇంకా అడగాల్సిన పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా?" అంది.

తండ్రి ఏదో చెప్పబోయి ఆగాడు.

ప్రోగ్రామరు అలవాటు కొద్దీ ఫోన్ తెరిచాడు. చిన్న లిస్టు. ఈ రోజు ఖాళీగా ఉండాలి.

ఖాళీగా లేదు.

చూసిందే మళ్ళీ చూశాడు. ఫోన్ ఆమెకిచ్చాడు. ఆమె చదివింది. ఆపరేటరు పంపిన అంకె చూసింది, సున్నా. వాన లేదు.

"నాన్నా, నిన్న మూత పెట్టావా?"

"పెట్టాను తల్లీ. దాని మీద రాయి కూడా పెట్టాను."

ఆమె లేచి వెళ్ళి ఫోన్ ఆయన చేతిలో పెట్టింది. ఆరూ పదికి మొదలు, ఆరూ పన్నెండుకి ఆఖరు. నాలుగు పాయింట్ నాలుగు.  ఆయన పెదాలు కదిలాయి. లెక్క తప్పకుండా మొదటి నుంచీ లెక్కించుకుంటూ వచ్చి, చివరి అంకె దగ్గర ప్రోగ్రామరు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇరవై రెండు," అన్నాడు.

తర్వాత ప్రోగ్రామరు తల్లి వైపు తిరిగాడు.

"ఎవరినీ అడగక్కర్లేదమ్మా. మా వైపు అందరూ ఒప్పుకున్నట్టే."